చావడి చుట్టూ అడుగున్నర కాలువ

ముందే ఒప్పేసుకుంటున్నాను. నేను పెంచి చెప్పే మనిషిని. ఇంట్లో బల్లి కనిపిస్తే నా నోట్లోంచి అది ఉడుమై బయటికొస్తుంది. రెండు తుమ్ములొస్తే నాకది మృత్యుముఖం. నా మాట ఏదైనా సరే నాలుగుతో భాగించి వినడం మా ఆవిడకు పెళ్లయిన కొత్తలోనే అలవాటైపోయింది. చదివేవాళ్లు కూడా అలాగే చేయండి, నాకేమీ అభ్యంతరం లేదు. అయితే పెంచడం వేరు, లేనిది కల్పించడం వేరు. ఇందులో కల్పించింది ఒకటుంది. అదేమిటో చివర్లో నేనే చెప్పి దణ్ణం పెడతాను.

పగలు నేను మాదాపూర్‌లో ఒక కంపెనీలో పనిచేస్తాను. సాఫ్ట్‌వేర్ కొనుక్కున్నవాళ్లకు ఏ మీట నొక్కితే ఏమవుతుందో రాసిపెట్టే ఉద్యోగం. అందులో పెంచడానికి జానెడు చోటుండదు. ‘ఈ మీట నొక్కితే మీ ఫైలు భద్రమవుతుంది’ అని రాయాలి. ‘ఈ మీట నొక్కిన మరుక్షణం మీ ఫైలు కల్పాంతం దాకా చెక్కుచెదరదు’ అని ఒకసారి రాశాను. మా మేనేజరు, నా కూతురి ఈడు పిల్ల, నన్ను అద్దాల గదిలోకి పిలిచి చాలా మర్యాదగా నీళ్లిచ్చింది. అప్పటినుంచి ఆఫీసులో నోరు కట్టేసుకుని బతుకుతున్నాను. రోజంతా అలా బిగబట్టినదంతా సాయంత్రం పుప్పాలగూడ చేరేసరికి బయటపడాలి కదా. ఆ బయటపడడం వల్లే ఒక మనిషికి నిలువ నీడ లేకుండా పోయింది.

పుప్పాలగూడలో మా అపార్టుమెంటుకూ పక్క అపార్టుమెంటుకూ మధ్య పాత చావడి ఒకటి ఇరుక్కుని ఉండేది. ఇటూ అటూ ఉన్న మా భవనాలు ఎంత ఎత్తంటే, గద్దలు కూడా పదో అంతస్తు దాకా ఎగిరి అక్కణ్ణుంచి లిఫ్టు కోసం చూస్తాయి. వాటి మధ్య చావడి పెద్దల కాళ్ల సందున కూర్చున్న పిల్లిలా ఉండేది. రాతి గోడలు, డంగు సున్నం, ముందు చెక్క స్తంభాల వసారా, వెనక రెండు గదులు. ఊరు ఊరుగా ఉన్నప్పుడు పటేలు అక్కడ కూర్చుని తగవులు తీర్చేవాడట.

వెనక గదిలో ఒక పెద్దాయన ఒంటరిగా ఉండేవాడు. వాళ్ల వంశం నీరడి వంశం. చెరువు తూము ఎప్పుడు ఎత్తాలి, ఏ మడికి ఎంతసేపు నీళ్లు పోవాలి, ఎవరి గట్టు ఎక్కడ తెగ్గొట్టాలి, ఎక్కడ కట్టాలి, ఇదంతా చూసే పని నీరడిది. వాళ్ల తాత చేశాడు, నాన్న చేశాడు, ఈయనా పాతికేళ్లు వచ్చేదాకా చేశాడు. తర్వాత మడులన్నీ సెల్లార్లయ్యాయి. నీరడి పనికి మనిషి మిగిలాడు గానీ నీళ్లు పోవాల్సిన పొలం మిగల్లేదు. చావడికి కాపలా ఉంటాడని ఊళ్లోవాళ్లు ఆయన్ని ఆ గదిలోనే కొనసాగనిచ్చారు. కాగితం లేదు, పత్రం లేదు. ఆయన పుట్టింది కూడా ఆ గదిలోనే. రోజూ పొద్దున్నే వసారా ఊడ్చి, రెండు పేపర్లు మడత విప్పి పెట్టేవాడు. ఎవరైనా వచ్చి చదువుకోవచ్చు. ఆదివారాలు నేను వెళ్లేవాణ్ణి. నాకు పేపరు చదవడం కన్నా, పేపర్లో ఉన్నదాన్ని పెంచి ఆయనకు చెప్పడం ఇష్టం. ఆయన నవ్వేవాడు కాదు. ‘అట్లనా’ అనేవాడు. ఆ మూడక్షరాల కోసం నేను వారమంతా ఎదురుచూసేవాణ్ణి.

ఆయన చిన్నప్పుడు చావడిలోకి మూడు మెట్లెక్కి వెళ్లేవారట. నేను వచ్చేనాటికి రెండు మెట్లు దిగి వెళ్లాలి. చావడి కుంగలేదు, రోడ్డు లేచింది. పాత రోడ్డు మీద కొత్త రోడ్డు, దాని మీద ఇంకో రోడ్డు వేసుకుంటూ పోతే ఇంకో పదేళ్లలో రోడ్డే మా మూడో అంతస్తుకు వచ్చేస్తుంది. వెనకవైపు పూర్వం వాననీరు పోయే కాలువ ఒకటుండేది. ప్రహరీలు లేచినప్పుడు అది పూడిపోయింది. దాంతో చుట్టుపక్కల కురిసిన వానంతా వచ్చి చావడి గోడ కాళ్ల దగ్గర కూర్చుంటుంది. పోవడానికి దారి లేక గోడలోకే ఎక్కుతుంది. సున్నం ఉబ్బి, పొరలు పొరలుగా రాలుతుంది.

ఒక ఎండాకాలం ఆదివారం వెళ్లేసరికి పెద్దాయన గడ్డపార పట్టుకుని వెనక గోడ పక్కన తవ్వుతున్నాడు. అడుగున్నర వెడల్పు, మూడు బారల పొడవు అప్పటికే అయిపోయింది. ఏం చేస్తున్నారని అడిగాను.

“గోడకు కాళ్లు తడుస్తున్నయి సారూ. నీళ్లకు జర తొవ్వ జూపెడుతున్న.”

చావడి చుట్టూ తిప్పి మూలమీద రోడ్డు పక్కనున్న మోరీలో కలిపేస్తాడట. ఎల్లుండి పొద్దుగూకేసరికి అయిపోతుందన్నాడు. ఎటు వాలు ఉందో ఎలా తెలుసని అడిగితే, బిందెడు నీళ్లు నేలమీద కుమ్మరించి, చెప్పులు విప్పి దానివెంట నడిచాడు. నీళ్లు ఆగినచోట ఆగాడు, మళ్లినచోట మళ్లాడు. ఆగినచోటల్లా మడమతో ఒక గీత పెట్టాడు. అంతే సర్వే.

ఇక్కడే నా బుర్ర పనిచేసింది. పనిచేయకుండా ఉంటే ఎంత బాగుండేది. అది ప్రభుత్వ స్థలమనీ, ప్రహరీ పక్కన తవ్వితే అపార్టుమెంటువాళ్లు ఫిర్యాదు చేస్తారనీ, ఫిర్యాదంటూ వస్తే అసలు మీరు ఇక్కడ ఎందుకున్నారని అడుగుతారనీ, ఉన్న గది కూడా పోతుందనీ ఆయన్ని హడలగొట్టాను. పర్మిషను తీసుకుని తవ్వితే ఎవడూ వేలెత్తి చూపలేడన్నాను.

“పర్మిషనా? మోరీకా?” అన్నాడాయన. కాసేపు గడ్డపార మీద చెయ్యి ఆనించి నావైపు చూశాడు. “నువ్వు చదువుకున్నోనివి. తెస్తనంటవా మరి?”

“వారంలో తెస్తాను పెద్దాయనా.”

తవ్విన మన్నంతా ఆయనే మళ్లీ పూడ్చాడు. పూడ్చి, వదులుగా ఉంటే నీళ్లు నిలుస్తాయని పాదాలతో తొక్కాడు. నేను నీడలో నిలబడి చూశాను.

ఆ రాత్రి అర్జీకి కూర్చున్నాను. ‘చావడి చుట్టూ అడుగున్నర కాలువ తవ్వుకోవడానికి అనుమతి ఇప్పించగలరు’, ఇంతే రాయాలి. కానీ ఆఫీసులో ఏళ్లతరబడి బిగబట్టిన కలం అది. ఒక్కసారిగా కట్ట తెగింది. చావడి గోలకొండ సుల్తానుల కాలానిదన్నాను. వేటకు వెళ్తూ ఒక సుల్తాను ఆ వసారాలో మేను వాల్చాడన్నాను. ఆయన గుర్రాన్ని కుడివైపు రెండో స్తంభానికి కట్టారన్నాను. ఆ గోడల సున్నంలో కోడిగుడ్లు, బెల్లం, కరక్కాయలు కలిపారనీ, ఆ రోజుల్లో ఈ చుట్టుపక్కల కోళ్లు ఆ దెబ్బకు ఊళ్లొదిలి పారిపోయాయనీ రాశాను. కోళ్ల సంగతి తర్వాత కొట్టేశాను. గుర్రాన్ని ఉంచేశాను.

మా ఆవిడ చదివి కాగితం నా ఒళ్లో పెట్టింది. “ఏవండీ, ఇది కాలవ తవ్వుకోడానికి రాశారా, చావడికి పెళ్లిసంబంధం చూడ్డానికి రాశారా?”

పెద్దాయనకు కూడా చదివి వినిపించాను. గుర్రం దగ్గర ఆయన చెయ్యెత్తి ఆపాడు.

“సుల్తాను ఏంది సారూ? మా తాత మన్ను మోసి కట్టిండు దీన్ని. మా నాయన చెప్తుండె.”

అర్జీలో అలాగే రాయాలనీ, లేకపోతే ఎవరూ పట్టించుకోరనీ సర్దిచెప్పాను. ‘అట్లనా’ అని కింద వేలిముద్ర వేశాడు.

అర్జీ పట్టుకెళ్లిన ఆఫీసు పేరు చెప్పను. అక్కడి అధికారి చాలా మంచివాడు. ఆ మాట పెంచి చెప్పడం లేదు. కుర్చీ వేయించాడు, చాయ్ తెప్పించాడు. అర్జీ చాలా బాగుందని, పై సార్లు కూడా చదివారని మెచ్చుకున్నాడు. జీవితంలో నా రాతను పై సార్లు చదవడం అదే మొదలు. ఉబ్బిపోయాను, తడిసిన గోడలాగే.

వారం పోయింది, నెల పోయింది. నేను వెళ్లినప్పుడల్లా చాయ్ వచ్చేది. నాలుగోసారో నలభయ్యోసారో అసలు విషయం చెప్పాడు. అర్జీ మామూలు మోరీల బల్లమీద లేదట. పాత కట్టడాలు చూసేవాళ్లకు వెళ్లిపోయిందట.

“మామూలు చావడైతే ఈ పాటికి సంతకం పెట్టేద్దుం సార్. సుల్తానుల కాలంది అని మీరే రాస్తిరి కదా. సుల్తానుల కాలందైతే దాని చుట్టు గడ్డపార పెట్టనియ్యరు.”

నా చేతిలో చాయ్ చల్లారిపోయింది. గొంతు తగ్గించి, అదేదో కాస్త పెంచి రాశానన్నాను. నవ్వుతాడనుకున్నాను. ఆయన తలుపువైపు చూసి, కుర్చీ ముందుకు జరుపుకున్నాడు.

“నాతోని అన్నరు, ఇంకెవ్వరితోని అనకుండ్రి. అర్జీల అబద్ధం రాసిన్రంటే అది వేరే ఫైలైతది. మీ పేరుమీద.”

అయితే ఇప్పుడేం చేయాలన్నాను. అది పాతది కాదని రుజువు తెస్తే ఫైలు వెనక్కి రప్పిస్తానన్నాడు. మన్ను మోసినాయన మనవడు బతికే ఉన్నాడన్నాను. నోటిమాట చెల్లదన్నాడు. లేదంటే నేనే తప్పు రాశానని కాగితం మీద ఒప్పుకుని సంతకం పెట్టాలన్నాడు. తెల్ల కాగితం కూడా నా ముందుకు జరిపాడు.

ఆ కాగితం వైపు కొద్దిసేపే చూశాను. నాకది ఒక యుగం. ఉద్యోగం గుర్తొచ్చింది, ఫ్లాటు మీద ఇంకా తీరని అప్పు గుర్తొచ్చింది, అద్దాల గదిలో నీళ్లిచ్చిన మేనేజరు గుర్తొచ్చింది. ఆలోచించి చెబుతానని లేచి వచ్చేశాను. పెద్దాయనకు మాత్రం, ఫైలు కదులుతోందని చెప్పాను. ఆయన మళ్లీ ‘అట్లనా’ అన్నాడు. ఈసారి ఆ మాట వినాలనిపించలేదు.

మొదటి వాన జూన్‌లో పడింది. ఆకాశానికి చిల్లు పడిందనడం నాకు చాలదు, ఆకాశం మొత్తాన్ని తలకిందులు చేసి దులిపారు. చావడి వెనక మోకాలి లోతు నీళ్లు. గోడమీద తడి గీత రోజుకో వేలెడు ఎక్కింది. పెద్దాయన మంచం మొదట గోడకు ఆనుకుని ఉండేది. తర్వాత జానెడు దూరం జరిగింది. తర్వాత మూరెడు. ఆగస్టుకల్లా గది నడిమధ్యకు వచ్చింది. పేపర్లు చెమ్మకు మెత్తబడి, తిప్పితే చిరిగిపోతున్నాయని చదివేవాళ్లు రావడం మానేశారు. ఆయన మాత్రం రోజూ మడత విప్పి పెట్టేవాడు.

చలికాలంలో, తవ్వనివ్వాలో వద్దో చూసి రమ్మని పాత కట్టడాలవాళ్లు పంపిన ఇంజనీరు ఒకాయన వచ్చాడు. మూడు కాళ్ల మీద దుర్భిణి లాంటి యంత్రం నిలబెట్టి పొద్దుణ్ణుంచి సాయంత్రం దాకా వాలు కొలిచాడు. పెద్దాయన బిందె తెచ్చి, ఒక్కసారి నీళ్లు కుమ్మరిస్తే చాలు సారూ అన్నాడు. తడిస్తే యంత్రం పాడవుతుందని ఇంజనీరు పక్కకు జరగమన్నాడు. చివరికి కాగితం మీద గీసిన గీత, పెద్దాయన ఎండాకాలంలో మడమతో గీసిన గీత మీదుగానే పోయింది. అది చూసి నేను సంబరపడ్డాను. పెద్దాయన పడలేదు. “గీత ఎవలైనా గీస్తరు సారూ. తవ్వెడిదెప్పుడు?”

మళ్లీ ఎండాకాలం వచ్చింది. అనుమతి పత్రం కూడా వచ్చింది. నిజంగానే వచ్చింది. అధికారి నాకు ఫోన్ చేసి మరీ పిలిచాడు. నాలుగు సంతకాలు, రెండు ముద్రలు, వెనక పేజీలో షరతులు. మిఠాయి డబ్బా పట్టుకుని వెళ్లాను. షరతుల్లో ఒకదాని కింద ఆయన పెన్నుతో గీత గీసి పెట్టాడు. తవ్వకం మొదలుపెట్టే ముందు, కట్టడం గట్టిగా ఉందని, గోడల్లో చెమ్మగానీ బీటలుగానీ లేవని ఇంజనీరు నుంచి ధ్రువపత్రం జతచేయాలి.

“గోడలో చెమ్మ లేకపోతే కాలువెందుకండీ?” అన్నాను.

ఆయన పత్రాన్ని మళ్లీ మొదటినుంచి చివరిదాకా చదివాడు. నాకోసమే చదివాడు పాపం. “అది షరతులల్ల లేదు సార్,” అన్నాడు.

ధ్రువపత్రం కోసం ఆగకుండా తవ్వేద్దామా అని నాకు ఒకసారి అనిపించింది. పెద్దాయనతో అన్నాను కూడా. అప్పటికి ఆయనకు మెట్లు దిగడమే కష్టంగా ఉంది, చెమ్మలో పడుకుని మోకాళ్లు పట్టేశాయి. అయినా గడ్డపార తెచ్చాడు. అప్పటికే ప్రహరీకి మా అపార్టుమెంటువాళ్లు ఒక బోర్డు తగిలించారు. ఇది సుల్తానుల కాలం నాటి కట్టడం, దీనికి హాని కలిగించువారు శిక్షార్హులు. నా అర్జీలోని వాక్యాలు వాట్సాప్‌లో తిరిగి తిరిగి అక్కడికి చేరాయి. బోర్డు మీద గుర్రం బొమ్మ కూడా వేయించారు. పెద్దాయన గుర్రాన్ని కాసేపు చూసి, గడ్డపార లోపల పెట్టేశాడు.

ధ్రువపత్రం కోసం ఇంకో ఇంజనీరు వచ్చాడు. ఆయన యంత్రమేమీ తేలేదు. జేబులోంచి బండి తాళంచెవి తీసి వెనక గోడలోకి నొక్కాడు. తాళంచెవి రింగు దాకా దిగిపోయింది. బయటికి తీసి రుమాలుతో తుడుచుకుని, కట్టడం ప్రమాదకరంగా ఉంది, మనుషులు ఉండరాదు అని రాశాడు. తప్పు రాయలేదు. ఈ మొత్తం వ్యవహారంలో ఉన్నది ఉన్నట్టు రాసింది ఆయనొక్కడే.

ఆఫీసువాళ్లు వారంలో వచ్చేశారు. కాలువకు వారమన్నాను నేను. తలుపుకు తాళం వేసి సీలు పెట్టడానికి మాత్రం నిజంగా వారమే పట్టింది. పెద్దాయన సామానంతా ఒక ట్రాలీ ఆటోలో సగానికి సరిపోయింది. మంచం, బిందె, గడ్డపార, పార, రెండు బట్టల మూటలు. తెల్లాపూర్‌లో ఒక గేటెడ్ కమ్యూనిటీలో దూరపు చుట్టం ఎవరో పనిలో పెట్టించాడు. అక్కడి విల్లాలకు పొద్దునా సాయంత్రం నీటి వాల్వులు తిప్పే పని. ఆ వానాకాలంలోనే చావడి వెనక మూల కూలింది. మిగిలిన గోడల చుట్టూ నీలం పట్టా కట్టారు. అనుమతి పత్రం ఇప్పటికీ చెల్లుతుంది. తవ్వుకోవచ్చు, ధ్రువపత్రం ఉంటే.

తర్వాత ఒక ఆదివారం నేను తెల్లాపూర్ వెళ్లాను. గేటు దగ్గర పుస్తకంలో పేరు రాసి, ఎవర్ని చూడ్డానికో రాసి లోపలికి వెళ్లాను. పెద్దాయన నీలం చొక్కా, టోపీ వేసుకుని పచ్చిక పక్కన ఒక ఇనుప మూత ఎత్తి, లోపల చక్రం తిప్పుతున్నాడు. తిప్పి, చెవి పెట్టి విన్నాడు. నీళ్లు ఏ వీధిలోకి వెళ్తున్నాయో చప్పుడుతో తెలుస్తుందట. ఇక్కడ నీళ్లన్నీ గొట్టాల్లోనే పోతాయని, ఒక్క చుక్క కూడా కంటికి కనపడదని చెప్పాడు. చాయ్ తెప్పించాడు. నేను గుర్రం సంగతి, తెల్ల కాగితం సంగతి, నోరు మూసుకుని వచ్చేసిన సంగతి, అంతా చెప్పాను. ఆయన విని నా భుజం తట్టాడు.

“నువ్వు మంచికే జేసినవ్ సారూ. ఫికర్ జెయ్యకు.”

చాలా తేలికైన మనసుతో ఇంటికొచ్చాను.

మాట ఇచ్చాను కనుక ఇప్పుడు చెప్పాలి. గద్దలు, లిఫ్టు, ఆకాశం దులపడం, ఇవి పెంచినవి. నలభై చాయ్‌లు నిజానికి తొమ్మిదో పదో. తాళంచెవి రింగు దాకా దిగలేదు, సగం దిగింది, గోడ పనికిరాదని తేలడానికి సగం చాలు. బోర్డు మీద గుర్రం బొమ్మ నిజం, కావాలంటే వచ్చి చూసుకోవచ్చు, గోడ పడినా అది పడలేదు.

తెల్లాపూర్ వెళ్లడం మాత్రం కల్పన. నేను వెళ్లలేదు. ఆయన వాల్వులు తిప్పుతున్నాడని మా ఆవిడ ద్వారా విన్నాను, సామాను ఎక్కిస్తుంటే మూట అందించింది తనే. ఆ సమయంలో నేను బాల్కనీలో ఆరేసిన దుప్పటి వెనక నిలబడి ఉన్నాను. ఆయన పైకి చూడలేదు. గుర్రం వల్లే కాలువ ఆగిందని ఆయనకు తెలుసో లేదో నాకు తెలియదు. తెలిస్తే ఏమంటాడో కూడా తెలియదు. వెళ్లి అడిగే దమ్ము లేక, ఆయన నోట ఆ మాట నేనే అనిపించాను. రాసేటప్పుడు రెండు మూడు రకాలుగా రాసి చూశాను. అన్నింట్లోనూ నా భుజం తట్టాడు.